కొలతకు మించి

కుషిరోలో మంచు ఇంకా కరగలేదు.
సముద్రపు గద్దను దుప్పట్లో చుట్టి తెచ్చాడు ఇవాబుచి,
జింకల్ని వేటాడే ముసలాయన.
"ఎగరదు. అరవబోతే గొంతు పెగలదు."

చిగుసా ముందు రెట్ట చూసింది:
నారుమడి పచ్చ.
ముడుచుకున్న గోళ్ళ మధ్య వేలు పెట్టింది,
పట్టు లేదు.
రెక్క కింది నరంలోంచి ఒక్క చుక్క
యంత్రానికిచ్చింది.
మూడు నిమిషాలు.
ఆయన గోడమీది క్యాలెండర్‌ని
కూడబలుక్కుంటూ చదివాడు.

అంకె రాలేదు.
"కొలతకు మించింది" అని మాత్రం వచ్చింది.
ఎక్స్‌రేలో, పొట్ట నడుమ
నూకగింజంత తెలుపు.
పక్కన ఇంకోటి.

"సీసం," అంది.
ఎవరి తూటా అని అడగలేదు.
కోటు జేబులో ఆయన చెయ్యి
ఏవో లెక్కపెట్టి ఆగింది.

గద్ద కష్టంగా ఒక కన్ను తెరిచి
ఆయన్నే చూస్తోంది,
తెచ్చినవాడు కదా.