నూట ముప్పై మూడు మీటర్లు

నిన్నటిదాకా నూట ఇరవై తొమ్మిదే.
రాత్రికి రాత్రి ఏ దేశంలోనో ఎవరో
ఇంకో మీటరు ఎత్తారట.
తెల్లారేసరికి కాగితం మీద
మా టవరు నాలుగు మీటర్లు సాగింది.

పోలండ్ బొగ్గు సీమ. క్రేను కొక్కానికి మంచు మీసాలు.
ఇరవై నాలుగు సీట్లలో
నీళ్ళు నింపిన రబ్బరు మనుషులు.
ఏడో నంబరువాడి మోకాలు కారుతోంది.
"పాపం, భయంతో పోసుకున్నాడు" అంది జీతా
స్పానరు తుడుచుకుంటూ.

అలోయ్జీ నవ్వలేదు.
ముప్పై ఏళ్ళు గని బోనులో దిగినవాడు,
తాడు మీద అరచెయ్యి ఆనించి
లోపల ఎందరున్నారో చెప్పినవాడు.
ఇక్కడ తాడే లేదు.
అయస్కాంతపు రెక్కల్ని గోటితో తట్టాడు.
"కరెంటు పోతే?"
"పోయినా ఆపుతాయి, తాతా."

వదిలారు.
ఒకటి, రెండు, మూడు, నాలుగు...
గాలి ఒక్కటే అరిచింది.
చప్పుడు లేకుండా ఆగింది బండి.

టికెట్ల బోర్డు కేసి చాలాసేపు చూశాడాయన.
"మాకు దీనికే జీతమిచ్చేవారు" అన్నాడు.
కాస్త ఆగి, తనలో తాను,
"కిందికొచ్చాక కూడా
పగలే ఉందే!"

తర్వాత టేపు అడిగి తీసుకుని
ఏడో నంబరువాడి మోకాలి దగ్గర
గొంతుక్కూర్చున్నాడు.