రెండున్నర ఓములు

నడుమెత్తు పెట్టెలు రెండు
పత్తిగింజల బస్తాల నడుమ డీసీఎంల దిగినయి.
మిద్దె మీదికి మోసిన హమాలీలు
"సారూ, ఇండ్ల ఏమున్నది, ఇనుమా?" అనడిగిన్రు.
పాట ఉన్నదంటే నవ్వుతరని
పుస్తకాలన్న.

ముప్పై ఒక్క ఏండ్లు కల్వకుర్తి కాలేజీల
ఓమ్ సూత్రం చెప్పినోణ్ని.
పింఛను పైసలు, ఇంట్ల చెప్పని ఇంకొన్ని పైసలు
ఆ పెట్టెలల్ల పోసిన.
తీరా పెడితే
వీణ ఈగ లెక్క మోగింది.
మద్దెల, తడిసిన అట్టపెట్టె.
గొంతు పెంచితే ఆంప్లిఫయరు సలసల కాగి
టప్పుమని మూగవోయింది,
ఎదురు ప్రశ్న అడిగిన పిల్లగాని ముందర
నేను నిలవడ్డట్టు.

అప్పుడొచ్చిండు అంజిలప్ప.
నాగర్‌కర్నూల్ రోడ్ల బోరుమోటర్ల వైండింగు దుకాణం ఆయనది.
గోర్ల సందుల వార్నీషు,
జేబుల టెస్టరు, సగం తిన్న పల్లిపట్టి.
పాట పెట్టుమనలేదు.
గది నడుమ నిలవడి ఒక్కసారి చప్పట్లు కొట్టిండు.
షాబాదు బండలు, సున్నం గోడలు
ఆ చప్పుడును తిప్పి తిప్పి ఆయనకే ఇచ్చినయి.
"గది ఒర్రుతున్నది సారూ. ముందుగాల దీని నోరు మూయాలె."
మా చంద్రకళ సందూకుల దాచిన గొంగడి
వెనుక గోడకు మేకులతోటి ఎక్కింది.
మళ్ల చప్పట్లు.
ఈసారి ఆ చప్పుడు గొర్రెబొచ్చులకు పోయి
బయటికి రాలేదు.

అటెనుక ఫోన్ల సన్నటి కూత పెట్టి
దాన్ని దించుకుంట, దించుకుంట
మీటరు ముల్లును చూసిండు.
"నాలుగు ఓములని రాసిన్రు గద, పైపైన నిజమే.
కింది సురాలకు దిగితే రెండున్నరకు వడ్తున్నది.
బోరు లెక్కనే సారూ.
మీద మీద తడి జూసి నీళ్లున్నయనుకుంటం.
ఆరొందల ఫీట్లకాడ అసలు సంగతి.
అద్దె హెచ్‌పీ మోటరు దించి
నీళ్లెక్కుతలేవని భూమిని తిడితే ఎట్ల?"

ఇంకొక మాట అన్నడు, మెట్లు దిగుకుంట:
"నూకుడు ఎవడన్న నూకుతడు.
ఆపుడు కావాలె.
దెబ్బ అయిపోయినంక గూడ కాగితం ఊగుతనే ఉంటే
అది మద్దెల గాదు, మద్దెల మీద చాడీ."
బోర్డు మీద వేలసార్లు రాసిన సూత్రంల
ఆపుడు అన్న అక్షరం ఏడున్నదో
ఆ రాత్రి వెతుక్కున్న.

ఇరవై రోజులకు
స్కూటరు మీద కాళ్ల నడుమ ఇరికించుకొని తెచ్చిండు.
పంపుసెట్టు పచ్చరంగు రేకు, ఒక్కటే గుండీ.
పేరు లేదు.
లోపల చేత్తోని చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు,
ఎన్ని చుట్లో బీడీకట్ట కాగితం మీద పెన్సిలు గీతలు.
ఎత్తబోతే నా నడుము కలుక్కుమన్నది.

వీణ మొదలుకాకముందే
వాయించే ఆమె గాజు కర్రకు తాకింది.
ఎవరో పక్కన ఊపిరి తీసుకున్నరు.
మద్దెల ఒక్క దెబ్బ గొట్టి
ఆగుమన్నకాడ ఆగింది.
ఆగినకాడ ఒక జాగ ఏర్పడ్డది,
కడిగిన బండ ఆరినట్టు.
నేను అంజిలప్ప దిక్కు చూసిన.
ఆయన పట్టుకొరకుడు ఆపి
నోరు తెరిచే ఉంచిండు.

రెండో పాట నడుమ ఫోను.
వంగూరు దిక్కు ఎవరిదో మోటరు జామైందట,
ఉల్లినారు ఎండుతున్నదట.
"బందు చేయకుండ్రి సారూ, ఇంకా వేడెక్కాలె అది" అని
చెప్పులు సరిగ్గ తొడగకనే పోయిండు.
రాగికే లెక్క రాసిండు తెల్లారి. చేతికి రాయలేదు.

ఇప్పుడు ఒక్కణ్నే వింట.
అప్పుడప్పుడు పచ్చడబ్బ ముందరి చిన్న బుగ్గ
ఒక రవ్వ మందమైతది.
చేన్లల్ల ఎక్కడనో మోటరు లేస్తున్నది.
కొద్దిసేపు పాట, నీళ్లు
ఒకే తీగను పంచుకుంటయి.

ఇయ్యాల చలి మొదలైంది.
చంద్రకళ మిద్దెక్కి వచ్చి
వీణను ఏమీ అనలేదు.
గోడ దిక్కు చూస్తున్నది,
గొంగడి దిక్కు.