అంచు విరిగిన పలకలు

పన్నెండేళ్లుగా మార్కాపురం డిగ్రీ కాలేజీలో
ఎంట్రోపీ చెబుతున్నాను.
ఈ పిల్లలకి బుర్రల్లేవని
స్టాఫ్ రూములో టీ తాగినన్నిసార్లూ అన్నాను.

మొన్న శ్రావణంలో గొంతు పోయింది.
వారం రోజులు నోరు విప్పొద్దన్నాడు డాక్టరు.
నా క్లాసు వెంకటరత్నం గారు తీసుకున్నారు,
నేను ఆఖరి బెంచీలో కూర్చున్నాను
మోకాళ్లు పట్టక, పక్కకి తిరిగి.

రెండు దాటితే
పడమటి కిటికీలోంచి ఎండ దిగి
బోర్డు కుడి సగాన్ని తినేస్తుందని
అప్పుడు తెలిసింది.
నేను సూత్రాలన్నీ రాసేది
ఆ సగంలోనే.

ఫ్యాను కిర్రుకీ కిర్రుకీ మధ్య
ఒక్కో మాట దూరి వచ్చేది.
'కాబట్టి' వినిపించేది,
దేనివల్లనో వినిపించేది కాదు.
పక్కన మస్తాన్‌బీ నిద్రపోవడం లేదు.
తర్లుపాడులో చీకటితో లేచిన కళ్లు మూతపడకుండా
గోటితో అరచెయ్యి గిచ్చుకుంటోంది.

గొంతు వచ్చాక
"ఎక్కడ అర్థం కాలేదు?" అని అడిగాను.
నలభై రెండు తలలు వంగాయి.
అడిగే తీరే తప్పేమో.

చెన్నకేశవులు వాళ్ల నాన్న
పలకల కార్ఖానాలో కోత మిషను మీద పనిచేస్తాడు.
అంచు విరిగిందని అక్కడ పక్కన పడేసినవి
గోతాంలో వేసి సైకిలు మీద తెచ్చాడు.
పేరు రాయొద్దన్నాను.
తప్పిపోయిన చోటు రాసి
బోర్లించి పొమ్మన్నాను.

ఆ సాయంత్రం ఒక్కణ్ణే తిరగేసుకుంటూ కూర్చున్నా.
'రెండో లైను కాడ.'
'డెల్టా అంటే ఏంది?'
'మీరు బోర్డుకి చెప్తుండారు సార్, మాకు కాదు.'
ఆ చివరి పలక మీద
బలపం విరిగిన గుర్తు.

బెంచీలు గుండ్రంగా వేశాను.
సంతయింది. ప్రిన్సిపాల్ గారు గుమ్మంలో నిలబడి వెళ్లారు.
చెరిపాను.
నలుగురికో లెక్క ఇచ్చాను.
ఒకడు చేశాడు, ముగ్గురు చూశారు.
అదీ చెరిపాను.
ఒకరోజు కుండనీళ్లూ వేన్నీళ్లూ తెచ్చి
చెంబులో కలిపి, వేలు పెట్టి చూడమని,
"ఇప్పుడు విడదీయండి" అన్నాను.
అందరూ నవ్వారు.
మస్తాన్‌బీ నవ్వలేదు.
"ఎందుకు కుదరదు సార్?" అంది.

పన్నెండేళ్లలో
ఆ ప్రశ్న నేనే వేసుకుని
నేనే జవాబు చెప్పుకున్నాను.

ఇప్పటికీ సాయంత్రం పలకలు బోర్లించి పోతారు.
చెరిపీ చెరిపీ నా చొక్కా చేతులకి బూడిదరంగు.
ఒక పలక మాత్రం రోజూ ఖాళీ.
ఎవరిదో పట్టుకోవడం కష్టం కాదు,
పట్టుకుంటే ఇంకెవరూ రాయరు.

రేపు వెంకటరత్నం గారిని బతిమాలి
ఇంకోసారి ఆఖరి బెంచీలో కూర్చోవాలి,
ఈసారి
గొంతు ఉండగానే.