కుట్టు లోపలి అర ఇంచు

నెలకు ఇరవై ఐదు దిర్హంలు,
పన్నుతోని ఇరవై ఆరుంబావు.
"గంతే అన్నా, ఒక బిర్యానీ, రెండు చాయ్‌లు" అన్నడు
అజ్మాన్ బ్యాంకుల టై కట్టుకున్న పోరడు.
మన దిక్కోడే, మాటల్ల వేములవాడ యాస.

నేను అబాయాలు కుట్టెటోన్ని.
పావు అంటే ఏందో నాకు చెప్పుడు అక్కెర లేదు.
పావు ఇంచు తప్పితే భుజం ఎట్ల గుంజుతదో
నన్నడుగు.

ఇప్పుడున్న ఖాతాకు ఫీజు లేదు.
జీతం వచ్చుడు, పోవుడు,
బస్సు దిగి బస్సెక్కినట్టు.
కొత్తదాంట్ల ఏమేమున్నయో
నున్నటి కాయితం మీద అచ్చేసిచ్చిండు.

ఏర్‌పోర్టుల మెత్త కుర్సీల గది, ఏడాదికి నాలుగు సార్లు.
నేను పోయేదే రెండేండ్లకోసారి.
పోయినసారి షార్జాల
తాడు కట్టిన డబ్బా మీద తల పెట్టి పండుకున్న,
నిద్ర మంచిగనే పట్టింది.

సినిమా టికెట్టు ఒకటి కొంటే ఒకటి ఉత్తగ.
రెండోది ఎవలకు?
ఓదేలు పేర్లు పడకముందే గుర్రు పెడుతడు.

గోల్ఫ్ ఆటకు సగం ధర.
ఇది చదివి రూముల ఆరుగురం
పక్కలు నొయ్యంగ నవ్వినం.

ఇంటికి పైసలు పంపితే చార్జీ లేదు, నెలకొక్కసారి.
నవ్వు ఆపి ఇది రాసుకున్న.
ఎక్స్చేంజిల ఇరవై మూడు తీస్కుంటరు,
అంటే మీద పడేది మూడుంబావే.
కానీ బ్యాంకోడు కట్టే రేటు
వెయ్యికి ఎంత తక్కువనో
ఆ కాయితం మీద లేదు.
"ఫ్రీ అన్నకాడ సంచి ఇప్పి చూడాలె"
ఫోన్ల భూలక్ష్మి.

ఇగ ఆఖరుకు, చీమంత అక్షరాలల్ల:
చెక్కుబుక్కు.

మా బీరాన్ కాక రంజాన్ దాటినంక
దుకాణం ఇడిసిపెట్టి కోజికోడ్ పోతడట.
మూడు మిషన్లు, ఇస్త్రీ బల్ల, పద్దెనిమిదేండ్ల గిరాకి.
"రాజమల్లూ, నువ్వు పట్టుకుంటవా?"
కిరాయి ఏడాదికి నాలుగు చెక్కులు.
నోట్లు ఇస్తనంటే బిల్డింగోడు ముట్టడు.

ఓదేలు ఎనకట ఒక చెక్కు రాసిచ్చిండు, దోస్తు కోసం.
చెక్కు తిరిగొచ్చింది.
ఓదేలు నాలుగేండ్లు ఇంటికి తిరిగిపోలే.
"ఒద్దే" అంటడు ఉల్లిగడ్డ కోసుకుంట,
తల ఎత్తకుంట.

మా పనిల ఒకటున్నది.
కుట్టు లోపల అర ఇంచు గుడ్డ ఇడుస్తం.
బయటికి కానరాదు.
కొత్త పోరగాండ్లు దండుగంటరు.
మూడేండ్లకు అదే అబాయా మళ్ల వస్తది,
అమ్మ ఒళ్లు చేసి ఉంటది,
కుట్టు ఇప్పి ఆ అర ఇంచును గుంజి
మళ్ల కొత్తగ తొడుగుతం.

ఇంకోటి కూడ ఉన్నది, దాసుడెందుకు.
మూడు మీటర్లిస్తే జానెడు మాయం చేసే కత్తెర్లు
నేను కండ్లార చూసిన.
ఈ ఇరవై ఆరుంబావు
లోపల ఇడిసిన గుడ్డనా,
కత్తెర కింద పోయిన గుడ్డనా?

కొలతల చిట్టీ ఎనుక లెక్క చేసిన.
పన్నెండు నెలలకు మూడు వందల పదిహేను.
అబాయాకు నాకొచ్చే కూలి నలభై ఐదు.
ఏడు అబాయాలు.
ఏడాదికి ఏడు అబాయాలు
బ్యాంకుకు ఉత్తగ కుట్టిపెట్టుడన్నట్టు.

మళ్ల పోయి అడిగిన పోరన్ని:
"తమ్మీ, ఆ కుర్సీలు, సినిమాలు, గోల్ఫ్ కత్తిరించి
చెక్కుబుక్కు ఒక్కటే కుట్టిస్తరా?
ఏడిట్ల మూడు అబాయాలకు?"
నవ్విండు.
"రెడీమేడ్ అన్నా. ఆల్టరేషన్ లేదు."

ఫారం ఇచ్చిండు.
సంతకం మూడు జాగల చెయ్యాలె,
మూడూ ఒక్కతీరుగ ఉండాలెనట.
దూస రాజమల్లు.
చేతికి కత్తెర తిప్పుడే తెలుసు,
పేరు తిప్పుడు ఒక్కోసారి ఒక్కో తీరు.

దుకాణం మూసినంక
నల్లగుడ్డ మీద సుద్దతోని రాసి చూసుకుంటున్న.
బాగలేకుంటె దులుపుతున్న.
బాగున్నా దులుపుతున్న.
ఫారం మిషను సొరుగుల ఉన్నది,
దారం ఉండల కింద.