చెక్కుబంది

ఆదోని రిజిస్ట్రారాఫీసు ముందర
టార్పాలిన్ నీడలో ఒక మేజా, మూత లేని పెన్ను, నేను.
ఇరవై ఆరేండ్లుగా రాస్తాండా:
'నేను, ఫలానా వారి కుమారుడను,
నా సొంత బుద్ధితో, పూర్తి సమ్మతితో,
ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా...'
ఎన్ని వేల నేనులు ఈ చేతి కింద పోయినాయో.
పత్తిచేను అమ్ముకున్న నేను,
అన్నతో పాలు తెంచుకున్న నేను,
మొగుడు పోయిన మూడో నెలలో
మరిదికి హక్కు విడిచిన నేను.
ఒక్కటి గూడా నాది కాదు.

బోర్డు మీద 'డి. గిరి, దస్తావేజు లేఖరి'.
డి అంటే దత్తాత్రేయనా స్వామీ, అనడిగినాడు
నూనెమిల్లాయన ఒకసారి.
వక్క నములుతా తల ఊపినా.
ఆ ఊపుకే రెండొందలు ఎక్కువిచ్చి పోయినాడు.
పేరును నడిమికి కోసి
ముందరి ముక్క మీద చుక్క పెట్టినోణ్ణి నేనే.

మా నాయన హుసేనప్ప దూదేకేటోడు.
ఎండాకాలం ఇండ్ల ముందర పరుపులు విప్పి
కమాను మీటితే సందు సందంతా డుంయ్ డుంయ్.
కనుబొమ్మల మీద తెల్ల నలుసులు.
షాదీల్లో ఉర్దూ రాదని నవ్వినోళ్ళ పరుపులూ,
తేరు కాడ సాయిబని పక్కకు జరిగినోళ్ళ పరుపులూ
ఆయనే ఏకినాడు.
రాయి మాదిరి బిగిసిన పరుపు పొంగి మంచం చాలకపోతే
'ఎంత కొత్త దూది పోసినావు?' అని అడిగేటోళ్ళు.
'పోసిందేం లేదమ్మా. ఉన్నదాన్నే ఇడదీసినా.'

మొన్న మంగళవారం మారెక్క వచ్చింది
కోసిగి తట్టు నుంచి, ఎకరా ముప్పై సెంట్లు అమ్మనీకి.
వెనక ఇద్దరు కొడుకులు, ముందర కొనేటాయన.
చదివి వినిపిస్తాంటే
'సొంత బుద్ధితో' కాడ ఆపమనింది.
'నా బుద్ధి నువ్వెప్పుడు చూసినావప్పా?'
కొడుకులు నవ్విరి. నేనూ నవ్వబోతి. రాలేదు.
'అందరికీ అట్లనే రాస్తామ్మా' అంటి.
'అందరికీ అట్లనేనా!' అనింది,
నా మీద జాలిపడినట్ల.
లేచి, కొంగు దులుపుకోని, బస్టాండు తట్టు పోయింది.
మళ్ళీ వస్తాదిలే అని కొడుకులంటారు.
రాకుంటే బాగుండునని నాకు.

ఆ రాత్రి కరెంటు పోయింది.
సెల్‌ఫోను వెలుతురులో
మిగిలిన పచ్చకాగితం మీద
నాకు నేనే చెక్కుబంది రాసుకుంటి:

తూర్పు: పీర్ల చావిడి, గుండంలో బూడిద.
పడమర: ఆంజనేయుని గుడి మెట్లు, నేను ఎక్కినవి మూడు.
ఉత్తరం: నూనెమిల్లాయన రెండొందలు.
దక్షిణం: నాయన కమాను, తంతి తెగినది, అటక మీద.
ఈ నాలుగు హద్దుల నడుమ గల...

'గల' కాడ పెన్ను నిలిచిపోయింది.
గట్లు కొలిచేది బాగా వచ్చు నాకు.
గట్టు దాటి లోపల కాలు పెట్టి
మన్ను ఎర్రదా, నల్లరేగడా అని
ఎన్నడూ చూడకపోతి.
ఆక్రమణలేమన్నా ఉన్నాయా అనే కాడ మాత్రం
తడుముకోకుండా రాసినా:
ఉన్నాయి. చేసినవాడు, నేనే.

సంతకం పెట్టబోతే డి. గిరి వచ్చింది. కొట్టేసినా.
మళ్ళీ అదే వచ్చింది.
ఈ చెయ్యి నా మాట విని ఎన్నేండ్లాయనో.
చదువు రానోళ్ళ కోసం పెట్టుకున్న ఇంకు డబ్బీ తెరిచి
ఎడం బొటనవేలు అద్దినా.
దానికింకా ఎవరూ ఏమీ నేర్పలేదు.

తెల్లారి మేజా కాడ మొదటి మనిషి:
'ఏంది గిరీ, నీ వేలికే మసి?'
'దస్తగిరి' అంటి.
గొంతు సన్నగా, ఎవరిదో మాదిరి వచ్చింది.
లారీ ఒకటి హారను కొట్టుకుంటా పోయింది.
'ఏమంటివి?' అని
ఆయన ముందుకు వంగినాడు.