పడ్డాయంట

"పడ్డాయంట!" అని
కుళాయి కాడ బిందె వదిలేసి అరిచింది రాహేలు.

మా వాడలో ఆ మాటకి
ఇదివరకు వేరే అర్థాలుండేవి.
కల్లంలో ఆరబోసిన కాయ మీద వాన పడేది.
గుంటూరు యార్డులో రేటు పడేది.
మేం బాకీ పడేవాళ్లం,
మేస్త్రి చేత మాట పడేవాళ్లం.
ఏది పడ్డా మా నెత్తిన పడేది.
ఇప్పుడు ఖాతాలో పడ్డాయంట.

మెసేజీ ఇంగ్లీషులో ఉంది.
కెజియా రెండుసార్లు చదివి
"నీ పేరేనమ్మా, సువార్తమ్మ అనే ఉంది" అంది.
నా పేరు మీద కాయితం వచ్చిందంటే
అప్పటిదాకా అది నోటీసే.

షకీలా మిషన్లో వేలు పెట్టా.
ఎర్ర లైటు.
"తుడుచుకుని పెట్టు పిన్నీ."
కొంగుతో తుడిచి పెట్టా.
మళ్లీ ఎర్ర లైటు.

పన్నెండేళ్లు కోల్డు స్టోరేజీలో
మిరపకాయలకు తొడిమలు తీసిన వేళ్లు.
గీతలన్నీ ఎప్పుడో ఆ బస్తాల్లోకే పోయాయి,
ఎవరి కూరలో కలిశాయో.
నేను నేనేనని చెప్పడానికి
వాడంతా సాక్ష్యం ఉంది,
నా వేలు తప్ప.

రెండు రాత్రులు ఆముదం రాసి, గుడ్డ చుట్టుకు పడుకున్నా.
మూడో రోజు
ఎడమ చేతి ఉంగరపు వేలు ఒప్పుకుంది,
అన్నిట్లోకీ తక్కువ పని చేసిన వేలు.

తర్వాత ఎవరో అడిగారు
ఏం మారిందమ్మా అని, పెన్ను పట్టుకుని.
ఏం చెప్పను?
మా అత్త దీనమ్మకి
ఏడాదిగా సలుపుతున్న పన్ను పీకించా.
పెద్దాసుపత్రిలో ఉచితమే,
అక్కడిదాకా పోవడానికే డబ్బులు కావాలి:
ఇద్దరికి బస్సు, ఒక కూలి రోజు.
కొట్లో మా పేజీ చివర
అడ్డంగా గీత గీయించా.
ఏసోబు రెండ్రోజులు మాట్లాడలా,
ఖాతా తన పేరున లేదని.
మూడో సాయంత్రం వంద అడిగాడు.
ఇచ్చా. అబద్ధం చెప్పను.

బాజీ మేస్త్రి వచ్చాడు, ఎప్పట్లాగే,
సీజను ముందు, జేబులో అడ్వాన్సుతో.
ఎప్పుడూ డబ్బు ముందు, రేటు తర్వాత.
తీసుకున్న చేతికి నోరుండదని
ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.
లోపల డబ్బాలో బియ్యం ఉన్నాయి.
అవే మాట్లాడాయేమో
"ముందు రేటు చెప్పు" అన్నా.
ఆయన నవ్వాడు.
నవ్వుతూనే బండి తిప్పుకుని
పక్క సందులోకి పోయాడు.

నాలుగు రోజులు ఎవరూ పిలవలా.
భయం వేసింది, ఎందుకు వెయ్యదు?
ఈ డబ్బు ఎన్నాళ్లుంటుంది,
వచ్చే ఏడు పడతాయో పడవో
ఎవరికెరుక.
అయిదో రోజు వచ్చి కిలోకి రూపాయి పెంచాడు.
రూపాయే.
రాహేలుకీ పెంచాల్సొచ్చింది, అదొక్కటీ నవ్వొచ్చింది.

కానీ ఆ పెన్ను పట్టుకున్న మనిషికి
నేను చెప్పని మాట ఒకటుంది.

ఆ నాలుగు రోజుల్లో ఓ మధ్యాహ్నం
చాప మీద పడుకున్నా.
బడినుంచి వచ్చి కెజియా హడలిపోయింది.
నుదుటి మీద చెయ్యేసి చూసింది.
"జ్వరమా?"
"కాదు."
"మరి?"
"ఊరికే."
ఊరికే పడుకున్న అమ్మని
అది పుట్టాక చూడలేదు.
ఎందుకో దాని కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇన్నేళ్లూ ఆ పిల్ల కళ్లు
మోచేత్తోనే తుడిచినదాన్ని,
వేళ్లు తగిలితే మండుతాయని.
చెయ్యి ఎత్తి, అలవాటుగా ఆగిపోయా.
అది నా వేళ్లు పట్టుకుని వాసన చూసింది.
"ఘాటు లేదమ్మా" అంది.

తుడిచా.