ఇంజనుకి మంచం

సునాపురం ఇసక మీద పొద్దున్న గాలి లేదు.
గాలి లేకుండానే కెరటం పొడుగ్గా వస్తోంది,
ఎవరో దూరంగా దుప్పటి దులిపి వదిలేసినట్టు.
కొర్లయ్య మావ గొంతుకూచుని
కెరటానికీ కెరటానికీ నడుమ లెక్కపెట్టాడు.
నిన్న తొమ్మిది. ఇయ్యాల పద్నాలుగు.
"బయట పెద్దదే తిరగతంది" అన్నాడు
ఆరిపోయిన చుట్టనే పీలుస్తూ.

నా చేతిలో ఫోను.
అందులో సముద్రం నున్నగా, నీలంగా,
నడుమ గులాబీరంగు సుడి,
దాని ముందు విసనకర్రలా విప్పిన దారి.
కింది అంచు కళింగపట్నం, పై అంచు పారాదీప్.
వేళ్ళతో లాగి పెద్దది చేశాను.
ఎంత లాగినా మా ఊరి పేరు పైకి రాలేదు.

బరంపురం రేడియో 'బాత్యా' అంటుంది.
విశాఖ రేడియో తుఫాను అంటుంది.
బడిలో ఒడియా చదివే మా బుడ్డోడు
రెండూ విని, రెండు వస్తున్నాయనుకుని,
"మనకి ఏది?" అని అడిగాడు.
ఎవరం నవ్వలేదు.
బాహుదా మొగకి అటు ఒక సర్కారు, ఇటు ఒక సర్కారు,
అటు బియ్యం, ఇటు అటుకులూ బెల్లమూ.
తీరం దాటేదానికి మాత్రం
ఏ గట్టు ఎవరిదో తెలీదు.

గోపాలపురం రేవులో మూడో నెంబరు ఎక్కించారట.
పదిహేడు పడవలు, ఒక్క ట్రాక్టరు.
పొద్దున్న పడవకి మూడొందలు,
మధ్యాన్నానికి ఎనిమిదొందలు.
అన్నిటికంటే ముందు ధర తీరం దాటింది.

"సరుగుడు చెట్టుకి కట్టకురా,
చెట్టు పడితే పడవ మీదే పడతాది.
నరికేసిన మోడుకి కట్టు,
దానికి ఇంక పడే పని లేదు."
అడుగు బిరడా తీశాం, వాన నీరు నిలవకుండా.
పడవ కడుపులో ఇసక బస్తాలు పెట్టాం,
గాలి ఎత్తుకుపోకుండా.
వలలు చుడుతుంటే నిన్నటి కవళ్ళు రెండు
పొలుసులు ఎండి రాలాయి.

ఆఖరి పడవ చీకటి దాసుది.
వాడు వెరావల్ వెళ్ళి ఐదు నెలలు.
వల చిక్కు తగువుతో
మా రెండిళ్ళకీ నాలుగేళ్ళుగా మాటల్లేవు.
వాడి పెళ్ళాం ఎర్నమ్మ
తాడు కొస పట్టుకుని నీటి అంచున నిలబడి ఉంది.
పిలవలేదు. కొస చాపింది, అంతే.
కొర్లయ్య మావ అందుకున్నాడు.
అరచేతులు చీరుకుపోయాయి,
ఐలెస్సా అనడానిక్కూడా ఊపిరి మిగల్లేదు.

ఇంజను విప్పి భుజాల మీద ఇంటికి తెచ్చాం.
ఉన్నది ఒకటే మంచం.
అమ్మ తనే దిగిపోయింది.
"అప్పు దీని మీదే కదా ఉంది,
ఇదే పడుకోనీ" అంది.
తన దుప్పటి కప్పి, మూల మడిచి,
జ్వరమొచ్చిన పిల్లకి చూసినట్టు
దాని మీద చెయ్యి వేసి చూసింది.
ఇల్లంతా డీజిలు వాసన.
తాళం వేసి తుఫాను సెంటరుకి నడిచాం.

రాత్రి ఒంటిగంట. ఫోనులో ఆరు శాతం.
సుడి పక్కకి ఒరిగింది.
విసనకర్ర మా మీంచి లేచి
మెల్లగా ఉత్తరానికి తిరుగుతోంది.
"మళ్ళిందిరో" అన్నారెవరో.
గోడకి ఆనిన వీపులన్నీ కాస్త కిందికి జారాయి.

అప్పుడు ఎర్నమ్మ లేచి నా ముందుకొచ్చింది.
నాలుగేళ్ళ తర్వాత మొదటి మాట:
"పారాదీప్‌లో మా అప్ప ఉంది. ఓపాలి కలుపు."

మోగింది. మోగింది. ఎత్తింది.
"ఏటే ఈ రాత్రి... లేదే, గాలేటీ లేదు,
కెరటమే, ఏటో, పొడుగ్గా..."

మూలనుంచి కొర్లయ్య మావ:
"లెక్కపెట్టమను."

అవతల తలుపు గడియ తీసిన చప్పుడు.
ఒకటి, రెండు, మూడు అంటున్న ఆడగొంతు.
అందరం ఫోను చుట్టూ మూగి
పదహారు దాకా విన్నాం.
ఆపైన ఛార్జి లేదు.